మారని ముక్క

మామయ్య గొంతులో గడ్డ ఉందని, కోసి తీసేయాలని, తీశాక మాట వస్తుందో రాదో ముందుగా చెప్పలేమని డాక్టరు తేల్చేశాడు. సంగతి తెలిసి, ఆయన ప్రసంగాలు చెప్పే చర్చి సంఘంలో ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. మగవాళ్లు ముఖాలు వేలాడేశారు. సంఘం సెక్రటరీ మాత్రం జేబులోంచి ఫోను తీసి కత్తెరకు కొట్టాడు.

కత్తెర అంటే మనిషే. ప్రసంగం చేసే ఆ మామయ్యకు చెల్లెలి కూతురు. వారమంతా ఒక వీడియో స్టూడియోలో కూర్చుని ఊళ్లోవాళ్ల పెళ్లిళ్లు కోస్తుంది. ఆవలించే పెళ్లికొడుకులను, ప్లేటులోంచి తల ఎత్తని బాబాయిలను, కెమెరా కనపడగానే నవ్వు పులుముకునే పెద్దమ్మలను తీసేసి మిగిలినదానికి పాట అతికించి ఇస్తుంది. ఆదివారం మామయ్య ప్రసంగం రికార్డు చేసి, దాన్నీ కోసి, ఇంటర్నెట్‌లో పెడుతుంది. ముందు వేళాకోళానికి పిలిచారు. పోనుపోనూ అదే పేరైంది.

"అమ్మాయ్, అయ్యగారి గొంతుతో మాట్లాడే మిషన్లు వచ్చాయటగా?" అన్నాడు సెక్రటరీ.

"వచ్చాయండి. పాత రికార్డింగులు వినిపిస్తే నేర్చుకుంటుంది. మనం కాగితం మీద రాసిచ్చింది ఆ గొంతుతో చదువుతుంది."

"ఇంకేం మరి. ఆపరేషన్ లోపే నేర్పెయ్. ఆదివారం ఖాళీ పోకూడదు. దేవుడి వాక్యం మారనిదమ్మా. చెప్పే నోరు ఏదైతేనేం?"

ఈ సెక్రటరీని వెనకాల అందరూ వాచీ అంటారు. ప్రసంగం మొదలైన దగ్గర్నుంచి ఆయన కళ్లు మణికట్టు మీదే ఉంటాయి. వీడియో అరగంట దాటకూడదని పట్టుబట్టింది ఆయనే. పొగలు, రంగు దీపాలు, తెల్ల కోట్లతో వేదికలు ఊపేసే పెద్ద పెద్ద ప్రసంగీకులు కూడా అరగంటలోనే ముగిస్తున్నారట. ఆ పొగలో ఏం చెప్పారో మాత్రం ఆయనకు ఒక్కనాడూ గుర్తులేదు. అది వేరే సంగతి.

చెప్పే నోరు ఏదైతేనేం? ఆ మాట కత్తెర బుర్రలో ఈగలా తిరిగింది. నిజమే కదా అనిపించింది. కాదేమో అని కూడా అనిపించింది. తేలని సంగతి కనపడితే వదిలే రకం కాదామె. చిన్నప్పుడు ఇంట్లో రేడియో విప్పి, లోపల మనిషి లేడని తేల్చుకున్నాకే అన్నం తింది.

అప్పటికే ఆమె బుర్రలో ఇంకో ఈగ ఉంది. దాని పేరు బూడిద బొమ్మ.

వీడియో ఎవరు ఎక్కడిదాకా చూశారో కంప్యూటరు ఒక గీత గీసి చూపిస్తుంది. మామయ్య వీడియోలు చూసేవాళ్లు బహు కొద్దిమంది. మొదట్లో గీత ఎత్తుగా ఉంటుంది. కీర్తన అయ్యేసరికి సగానికి పడుతుంది. చివరికి నేలబారు. లోకంలో ఏ ప్రసంగానికైనా అంతే, అందులో సిగ్గుపడేదేం లేదు. కానీ మామయ్య వీడియోల్లో, పడుకున్న గీత చివరి క్షణంలో లేచి నిలబడేది. ఎవరో ఆ చివరి ముక్కనే వెనక్కి తిప్పి, మళ్లీ చూసి, మళ్లీ తిప్పేవారు. ప్రతి వారం. అక్కడ చూడ్డానికేమైనా ఉందా అంటే, ఏమీ లేదు. మామయ్య "ఆమేన్" అంటాడు, బొమ్మ నల్లబడుతుంది.

కొన్నాళ్లకు ఒక వ్యాఖ్య వచ్చింది. పేరు లేదు. ఫొటో ఉండాల్సిన చోట బూడిదరంగు బొమ్మ. "చివర ఏమన్నారు?" అని మాత్రం ఉంది.

సౌండ్ సరిగ్గా లేదేమో అనుకుంది కత్తెర. తనే విని చూసింది. ఆమేన్ గంట కొట్టినట్టుంది. "అంతేనండి. ప్రసంగం అక్కడితో అయిపోయింది. ఇంకేం లేదు" అని మర్యాదగా జవాబు రాసింది.

ఆ జవాబు తర్వాత గీత మళ్లీ లేవలేదు. బూడిద బొమ్మ రావడం మానేసింది. ఊరికే అడిగి ఊరికే పోయినవాళ్లను పట్టించుకోనవసరం లేదు. కానీ అన్ని వారాలు తిప్పి తిప్పి చూసిన మనిషి, ఒక్క జవాబుకు ఎందుకు పోయింది? ఏం వెతికింది? ఎవరా మనిషి? కత్తెరకు అంతుబట్టలేదు.

*

గొంతు మిషను నేర్చుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. స్టూడియో వెనక గదిలో కూర్చుని, ఇంటర్నెట్‌లో పెట్టిన వీడియోలన్నీ దానికి వినిపించింది. మామయ్య రాసిపెట్టుకున్న ప్రసంగం ఒకటి ఇచ్చి చదివించింది. చదివింది. అదే గొంతు, అదే సాగదీత, "ప్రియులారా" అనేటప్పుడు అదే గరగర. ఇంకా చెప్పాలంటే మామయ్యకంటే బాగుంది. దగ్గు లేదు. మంచినీళ్ల కోసం ఆగడం లేదు.

ఫోన్లో వేసుకుని ఇంటికి పట్టుకెళ్లింది.

తల్లి పోయాక ఆమె ఉండేది మామయ్య ఇంట్లోనే. చిన్న ఇల్లు. ముందు గది, వెనక గది, వంటిల్లు. ముందు గదిలో పుస్తకాలు, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాలు, ఒక మడత మంచం. ఆ ఇంటికి వచ్చిన కొత్తలో ఆమెకు వింతగా తోచింది ఒకటే. పడుకునేముందు తలుపు గడియ వేయబోతే మామయ్య వద్దన్నాడు. "దగ్గరకు లాగి వదిలెయ్."

"దొంగలొస్తే?"

"వచ్చి చూసి వాడే నాలుగు డబ్బులు పెట్టి పోతాడు. పడుకో."

పెద్దాయన చాదస్తం అనుకుని ఊరుకుంది. కొన్నాళ్లకు అలవాటైంది. ఒకసారి పిల్లి దూరి పాలు తాగిపోయింది. అంతకుమించి ఏ దొంగా రాలేదు.

ఆ ఇంట్లో ఒకప్పుడు ఇంకో ఆడపిల్ల ఉండేది. మామయ్య కూతురు. కత్తెరకు వదిన వరస. రక్తపరీక్షల ల్యాబులో పనిచేసేది. నాలుక కూడా సూదిలాగే ఉండేది. అత్తయ్య ఆసుపత్రిలో ఆఖరి ఘడియల్లో ఉన్నప్పుడు మామయ్య సభలో ప్రసంగం చేస్తున్నాడు. ముగించి వస్తానన్నాడు. ముగించి వచ్చేసరికి అక్కడ అంతా ముగిసింది. సమాధి కార్యక్రమం అయ్యాక కూతురు సంఘం అందరి ముందూ లేచి, "మైకు పట్టుకుంటే నీకు ఇల్లు గుర్తుండదు నాన్నా. ఇక నాకూ గుర్తుండదు" అంది. ఇంటికొచ్చి సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయింది. ఫోను నంబరు మార్చేసింది. ఆ తర్వాత మామయ్య ఇంట్లో ఆ పేరు ఎత్తినవాళ్లు లేరు.

కత్తెర ఫోను బల్లమీద పెట్టి మిషను గొంతు వినిపించింది. మామయ్య కళ్లు మూసుకుని విన్నాడు. ఆయనకున్నది బటన్ల ఫోను. తన వీడియో ఒక్కటి కూడా ఎన్నడూ చూసిన పాపాన పోలేదు. "నా ముఖం నాకెందుకు?" అనేవాడు.

"ఎలా ఉంది మామయ్యా?"

"నాకంటే మంచోడిలా ఉన్నాడే." గొంతు అప్పటికే రంపపు పొట్టులా రాలుతోంది. "దగ్గు కూడా లేదు. వీణ్ణే పెట్టుకోండి. జీతం కూడా అడగడు."

ఇద్దరూ నవ్వుకున్నారు. ప్రసంగం ముగింపుకొచ్చింది. మిషను "ఆమేన్" అంది. ఆగిపోయింది.

మామయ్య కళ్లు తెరవలేదు. ఇంకా వినడానికే కూర్చున్నాడు. కాసేపయ్యాక ఒక కన్ను తెరిచాడు.

"మిగతాది?"

"అయిపోయింది మామయ్యా."

"చివరిది ఏదే?"

అప్పటికి అర్థమైంది ఆమెకు. మామయ్య ప్రసంగం ఎక్కడ మొదలుపెట్టినా, బైబిలు కథల్లోని ఓడలో మొదలుపెట్టినా, చేప కడుపులో మొదలుపెట్టినా, ఆమేన్ తర్వాత ఒక నిమిషం ఆగి, ఒకే ముక్క చెప్పేవాడు. "ఎంత దూరం పోయినా సరే, తిరిగి రా. తలుపు గడియ వెయ్యలేదు. లోపలికి వచ్చాక ఎందుకు వెళ్లావని ఎవరూ అడగరు." అక్షరం మారదు. సంఘంలో అది వినపడితే సంచులు, గొడుగులు వెతుక్కునే వేళ అని లెక్క. పిల్లలు ఆటల్లో కూడా ఆ ముక్క అప్పజెప్పి "ఇక ఇంటికి పదండి" అనేవాళ్లు.

"అది ఎప్పుడూ ఉండేదే కదా మామయ్యా. వీడియోలో కట్ చేసేస్తాను."

నిజానికి ఆమె కట్ చేసింది కూడా కాదు. కోసే ప్రోగ్రాములో ఒక సదుపాయం ఉంది. అన్ని వారాల వీడియోలను ఒకదానిమీద ఒకటి పేర్చి, ఎక్కడ ఒకే ముక్క మళ్లీ మళ్లీ వస్తోందో పట్టుకుని పక్కన పడేస్తుంది. వాచీగారి అరగంట కోసం ఆమె దాన్ని ఆన్ చేసి పెట్టింది. మిషనుకు తెలిసింది ఒకటే: మారేది సరుకు, మారనిది చెత్త. మరి ఆ మిషను మాట ఆమెకూ సబబుగానే తోచింది. పెళ్లి వీడియోల్లో అయితే అదే పద్ధతి.

"ఎప్పట్నుంచి?" అన్నాడు మామయ్య.

"వీడియోలు మొదలుపెట్టిన దగ్గర్నుంచి."

ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది. బల్ల మీది ఫోన్ని చూపుడు వేలితో కొంచెం అవతలికి జరిపాడు. అన్నంలో రాయి తగిలితే కంచం జరిపినట్టు.

"మామయ్యా, ఏంటది? ఎందుకలా ఉన్నావు?"

"అది సంఘానికి చెప్పేది కాదే." మాటకూ మాటకూ మధ్య మంచినీళ్లు తాగుతూ చెప్పాడు. "మీ వదిన ఈ గుమ్మం దిగి పోతుంటే చెప్పాను. నమ్మకపోతే మానెయ్, నన్ను చూడాలని లేకపోతే మానెయ్, తలుపు మాత్రం గడియ వెయ్యను అని. నీ మాటకు విలువేంటి అంది. ప్రతి ఆదివారం అదే చెప్తాను, చెప్పడం మానేసిన రోజున వేసేశాననుకో అన్నాను."

కత్తెర బల్లమీది ఫోన్ని బోర్లా తిప్పి పెట్టింది.

"అప్పట్లో హాలు మీద బూర మైకు ఉండేది, గుర్తుందా? ఎదురుగా బస్టాపు. ఓసారి కిటికీలోంచి చూశాను. నిలబడి ఉంది. బస్సొచ్చింది, ఎక్కలేదు. ఇంకోటొచ్చింది, ఎక్కలేదు. నేను ఆ ముక్క చెప్పాక వచ్చిన బస్సు ఎక్కింది. ఆ తర్వాత చాలాసార్లు చూశాను. తను వింటున్న సంగతి నాకు తెలీదనుకునేది."

"పిలవకపోయావా?"

"పిలుస్తూనే ఉన్నాగా, బూరలో."

ఆ తర్వాత గోల భరించలేమని వీధివాళ్లు ఫిర్యాదు చేశారు. బూర దించేశారు. కూతురు కూడా వేరే ఊళ్లో ఉద్యోగం చూసుకుందని ఎవరో చెప్పారు. అప్పుడే కత్తెర, "మామయ్యా, వీడియో పెడదాం, ఎక్కడివాళ్లైనా వింటారు" అంది. కొత్త వస్తువంటే ముఖం చిట్లించే మనిషి, ఆ రోజు ఒక్కమాటకే సరేనన్నాడు. ఎందుకు సరేనన్నాడో ఆమె అప్పుడు అడగలేదు. అన్నీ ఆరా తీసే మనిషి, అడగాల్సినది ఒక్కటీ అడగలేదు.

ఉప్పు తీసేసి కూర వడ్డించింది. అంతా ఉంది. ఓడ ఉంది, చేప ఉంది. దేనికోసం వండాడో అది లేదు. అది చాలనట్టు, చివర ఏమన్నారని ఆ మనిషి నోరు తెరిచి అడిగితే, ఇంకేం లేదని చేత్తో రాసి ఇచ్చింది.

బూడిద బొమ్మ సంగతి మామయ్యకు చెప్పేసింది. దాచలేదు. దాచి ఏం చేసుకుంటుంది?

ఆయన చాలాసేపు తలుపువైపు చూశాడు. "అయితే వేసేశాననుకుందన్నమాట" అన్నాడు.

*

మర్నాడు స్టూడియోలో ఆమె చేతులు పనిమీద లేవు. యజమాని వచ్చి, "పెళ్లికూతుర్ని కట్ చేసి పూల కుండీని ఉంచావు, ఏంటమ్మా సంగతి?" అన్నాడు. తలనొప్పి అని చెప్పి వెనక గదిలో కూర్చుంది.

మిషను ఎదురుగానే ఉంది. ఆ ముక్క టైపు చేసి చదవమంది. చదివింది. "ఎంత దూరం పోయినా సరే, తిరిగి రా." శుభ్రంగా, గట్టిగా, ఆరోగ్యంగా ఉంది. మామయ్య ఇప్పుడు ప్రయత్నించినా అంత బాగా చెప్పలేడు. పాత వీడియోలన్నిటికీ చివర దీన్ని అతికిస్తే సరిపోతుంది. ఎవరికీ తెలీదు. మాట అదే, గొంతూ అదే. వాచీగారు అన్నట్టు, చెప్పే నోరు ఏదైతేనేం?

మామయ్యకు ఫోను చేసి అడిగింది. ఆయన గొంతు పెగలక, ఆగి ఆగి చెప్పాడు.

"ప్రసంగం చెప్పించు. కథలు చెప్పించు. నాకేం పట్టింపు లేదు. మొదటిసారి బైబిలు అచ్చేసినప్పుడు కూడా ఇలాగే గోల చేసుంటారు. ఆ ముక్క మాత్రం వద్దు."

"ఎందుకు మామయ్యా? మాట ఒకటేగా."

"రమ్మని పిలిచినవాడు గుమ్మంలో కూర్చోవాలే. అది పిలుస్తుంది సరే. కూర్చుంటుందా?"

ఇంకో ప్రశ్న నోటిదాకా వచ్చింది. ఈసారి అడిగేసింది.

"ఒక్కటి చెప్పు. అది దేవుడి మాటా, నీ మాటా? ఇన్నాళ్లూ దేవుడి ఇంటి తలుపు గురించి అనుకుంటూ విన్నాం మేము."

"రెండూ వేరైతే ఇన్నేళ్లు చెప్పగలిగేవాణ్ని కాదే" అని ఫోను పెట్టేశాడు.

కంప్యూటరు తెరమీద ఎర్ర అక్షరాలు వచ్చాయి. స్థలం నిండిపోయింది, అక్కర్లేనివి తీసేయమని. అది రోజూ పెట్టే పోరే. ఆమె రోజూ రేపు అని తోసేసేది. ఈసారి ఏం అక్కర్లేదో చూద్దామని తెరిచింది. కోసే ప్రోగ్రాము తను తీసేసిన ముక్కల్ని పారేయదు. ఒక మూల పోగు పెడుతుంది. మనం వెళ్లి ఖాళీ చేయాలి. ఆమె ఏనాడూ చేయలేదు. బద్ధకం. మనుషులు బద్ధకాన్ని ఊరికే ఆడిపోసుకుంటారు.

అన్నీ ఉన్నాయి. మొదటి ఆదివారం నుంచి మొన్నటిదాకా.

మొదటిది నొక్కింది. ఫ్యాను చప్పుడు. మామయ్య గొంతు దిట్టంగా ఉంది. తిరిగి రా. తర్వాతది. తిరిగి రా. ఇంకోటి, రేకుల మీద వాన, ఆయన వానకంటే పెద్దగా అరుస్తున్నాడు. ఇంకోటి, కరెంటు పోయింది, చీకట్లో మాట ఒక్కటే ఉంది. ఎవరి బిడ్డో ఏడుస్తోంది. ఒకసారి దగ్గు. తర్వాత ప్రతిసారీ దగ్గు. గొంతు సన్నబడుతూ, బీటలు వారుతూ, మొన్నటికి గాలి మాత్రమే మిగిలింది. గుమ్మం, గడియ, ఎవరూ అడగరు. మాట మాత్రం ఎక్కడ మొదలైందో అక్కడే నిలబడి ఉంది. ఇది చెత్త అని మిషను ఏరి పోగేసిన కుప్పలో, మామయ్య పూర్తిగా ఉన్నాడు.

ఆమె కత్తెర పట్టుకోలేదు. ఒకదాని వెనక ఒకటి, ఉన్నవి ఉన్నట్టు అతికించింది. పాట పెట్టలేదు. దగ్గు తీయలేదు.

సెక్రటరీకి చూపించకుండా పెట్టే వీల్లేదు. అది సంఘం నియమం. ఆయన స్టూడియోకి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు, వాచీ చూసుకున్నాడు, విన్నాడు.

"ఇదేంటమ్మాయ్? అరిగిపోయిన రికార్డులా ఒకటే ముక్క. చూసేవాళ్లు మనకు పిచ్చి పట్టిందనుకోరూ?"

"ఇంకాస్త వినండి."

విన్నాడు. కాసేపటికి కనుబొమలు ముడిపడ్డాయి.

"ప్రతిసారీ మధ్యలో కిర్రుమంటోంది. ఏంటది?"

"కుర్చీ అండి."

"ఎవరిది?"

కత్తెర ఆయన్నే చూసింది. ఆ ముక్క వినపడగానే, వెనక తలుపు దగ్గరికి వెళ్లడానికి అందరికంటే ముందు లేచేది ఎవరో సంఘమంతటికీ తెలుసు. వానలో కిర్రు. చీకట్లో కిర్రు. మామయ్య దగ్గుతుంటే కిర్రు. "తలుపు గడియ వెయ్యలేదు" అనేసరికి కిర్రు. ఒక్క ఆదివారం కూడా తప్పలేదు.

ఆయన మెల్లగా వాచీ మీదికి చొక్కా చెయ్యి లాక్కున్నాడు.

"నేను ఒక్కసారి కూడా పూర్తిగా వినలేదన్నమాట" అన్నాడు. తర్వాత, "కుర్చీ చప్పుడు తీసేయొచ్చా?" అని అడిగాడు.

"తియ్యొచ్చు. తియ్యను."

"నీ పేరు ఊరికే పెట్టలేదు. సరే, పెట్టు."

పెట్టింది. బూడిద బొమ్మ పాత వ్యాఖ్య కింద తన జవాబు అలాగే ఉంది. 'ఇంకేం లేదు' అని. దాన్ని చెరపలేదు. దానికింద, "నేను రాసింది తప్పు. చివర ఉంది. నేను కోసేశాను. ఆయన ఒక్క వారం కూడా మానలేదు" అని రాసి, వీడియో అంటించింది.

గీత కోసం చూసింది. ఆ రోజు లేవలేదు. మర్నాడూ లేవలేదు. మామయ్యను ఆపరేషన్‌కు తీసుకెళ్లారు. గడ్డ మొత్తం వచ్చిందని, గొంతు సంగతి ఇప్పుడే చెప్పలేమని, నెలల తరబడి మాట్లాడటానికి ప్రయత్నించకూడదని చెప్పి పంపారు. జీవితమంతా మాట్లాడిన మనిషి నోటికి తాళం పడింది. ఇంటికొచ్చి ముందు గదిలో తలుపుకు ఎదురుగా మంచం వేయించుకున్నాడు.

*

ఆదివారం మిషను ప్రసంగం చేసింది. మామయ్య రాసిచ్చిందే. వేదిక మీద ఖాళీ బల్ల, దానిమీద స్పీకరు. కత్తెర ఈసారి వీడియోని కోయకుండా నేరుగా ఇంటర్నెట్‌లోకి వదిలింది. జనం విన్నారు. ముందు వరసలో ముసలమ్మ పక్కావిడతో, "గొంతు అయ్యగారిదే. దగ్గు రాకపోతే మనకు నిద్రొస్తోందేంటి?" అంది.

మిషను ఆమేన్ అంది. ఆగింది.

ఆ ముక్క దాని నోట్లో పెట్టలేదు. ఎవరు చెప్పాలో కూడా ఎవరూ అనుకోలేదు. అలవాటు అనేది పాడుది. వెనక వరసలో కిర్రుమంది. సెక్రటరీ లేచి నిలబడ్డాడు.

హాలంతా వెనక్కి తిరిగింది. చెప్పేవాడు లేడు, లేచినవాడు ఒకడున్నాడు. కూర్చుందామా అంటే అందరూ చూస్తున్నారు. తలుపు దగ్గరికి పోదామా అంటే కాళ్లు రాలేదు. నిలబడినవాడికి తప్పుతుందా? గొంతు సవరించుకున్నాడు.

"ఎంత దూరం పోయినా సరే..." అని ఆగిపోయాడు. ఇన్నేళ్లూ సగంలో లేచిపోయినవాడికి మిగతాది ఎలా వస్తుంది?

"తిరిగి రా" అని ముందు వరసలోంచి ముసలమ్మ అందించింది.

"తిరిగి రా. తలుపు గడియ వెయ్యలేదు. లోపలికి వచ్చాక..." ఈసారి పిల్లలు అందించారు. ఆటల్లో చెప్పీ చెప్పీ వాళ్లకు నోటికొచ్చు. "...ఎందుకు వెళ్లావని ఎవరూ అడగరు."

ఎవరూ గొడుగు వెతుక్కోలేదు. కత్తెర తెరమీద గీత చూసింది. పడుకుని ఉంది. తర్వాత లేచింది.

*

కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం, మామయ్య కునుకు తీస్తున్నాడు. కత్తెర వంటింట్లో గిన్నెలు తోముతోంది. ముందు గదిలో ఏదో కిందామీదా పడుతున్న చప్పుడైంది. మళ్లీ పిల్లి అనుకుని చీపురు పట్టుకుని వెళ్లింది.

పిల్లి కాదు. భుజాన సంచితో ఒకావిడ గుమ్మం లోపల వంగి, తలుపు గడియను రెండు చేతులతో లాగుతోంది. అది కదలడం లేదు.

"తుప్పు పట్టింది" అంది ఆవిడ, తల తిప్పకుండా. "ఎన్నేళ్లయింది దీన్ని కదిపి?"

"నేనొచ్చిన దగ్గర్నుంచి కదపలేదు వదినా."

వదిన అప్పుడు తిరిగింది. జుట్టులో తెల్లవెంట్రుకలు వచ్చాయి. నాలుక మాత్రం అలాగే ఉంది.

"'ఇంకేం లేదు' అని రాసిన చెయ్యి ఇదేనా?"

"ఇదే."

"చీపురుకే బాగుంది. కంప్యూటరుకు పెట్టకు." అరచేతికి అంటిన తుప్పు చూసుకుని చీరకు తుడుచుకుంది. "నేను మారిపోయి రాలేదు. ప్రార్థనలు అవీ నాకు చెప్పొద్దు. నిజంగా వెయ్యలేదా, ఊరికే మైకులో వాగుతున్నాడా, అది చూడ్డానికొచ్చాను."

"చూశావుగా."

"చూశాను." భుజం మీద సంచి సర్దుకుని, "ఆదివారం ఆ గొంతు ఎవరిది, ఒక్క ముక్క చెప్పడానికి అన్ని తిప్పలు పడ్డాడు?" అంది.

"కిర్రుమనే కుర్చీ ఆయనది."

వదినకు నవ్వొచ్చింది. ఆపుకుంది.

ఆ మాటల చప్పుడుకేమో, మంచం మీద మామయ్య లేచి కూర్చున్నాడు. చూశాడు. మెడకు కట్టు. నోరు తెరిచాడు. లోపల ఇన్నేళ్ల మాట ఉంది, బయటికి గాలి కూడా రావడం లేదు. రెండు చేతులతో మంచం పట్టె పట్టుకుని మళ్లీ తెరిచాడు.

"నోరు ముయ్ నాన్నా. డాక్టరు చెప్పలేదా?" వదిన సంచి దించి, మంచం పక్కన కుర్చీ లాక్కుంది. అది కిర్రుమంది. "నువ్వు చెప్పింది చాలు. అందరూ విన్నారు."

ఆయన తల ఊపాడు. కళ్లు తుడుచుకోలేదు, కారనిచ్చాడు.

"ఎందుకు వెళ్లావని ఎవరూ అడగరన్నావుగా. అడగొద్దు." వదిన కుర్చీ ఇంకాస్త దగ్గరకు జరుపుకుంది. "నేనే చెప్తాను. కూర్చుని విను. మధ్యలో లేవకు."

కత్తెరకు ప్రాణం కొట్టుకులాడింది వినాలని. గుమ్మం పక్కన నిలబడితే వినిపిస్తుంది. అసలు ఆమెకు తెలియాల్సినదంతా ఇప్పుడే మొదలవుతోంది. అడుగు వెనక్కి వేసింది. మళ్లీ ఆగింది.

"అక్కడేం నిలబడ్డావు?" అంది వదిన, తిరగకుండానే. "టీ పెట్టు. పంచదార ఎక్కువ వెయ్. ఇందులో మాత్రం ఏదీ తగ్గించకు."

కత్తెర చీపురు మూలన పెట్టి, పొయ్యి వెలిగించింది.